రోహిణిలో సెట్టు కాల్చరాదు

సినిమావాళ్ళలో కొందరు పాటించే నియమం ఒకటుంది. రోహిణి కార్తె నడుస్తున్నన్నాళ్ళూ సెట్టుకు నిప్పు పెట్టకూడదు. కథలో ఇల్లు తగలబడే సీను ఉంటే రోహిణికి ముందైనా తీయాలి, మృగశిర వచ్చాకైనా తీయాలి. ఇది పూర్వకాలం నుంచీ వస్తున్న ఆచారమని, చంద్రుడికీ రోహిణికీ మధ్య జరిగిన ఏదో వ్యవహారంలోంచి పుట్టిందని, కాదని నిప్పు పెడితే వానలు ముఖం చాటేస్తాయని చెబుతారు. నాకు తెలిసినంతవరకు అది ఎనభైల చివర్లో, జూబ్లీ హిల్స్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసులో, మధ్యాహ్నం భోజనాలయ్యాక పుట్టింది. పుట్టింది నా నోట్లోంచే. ఆ సమయానికి కరెంటు కూడా లేదు.

నేను పంతుల్ని కాను. మా నాన్న పంతులు. గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో అందరికీ తిథులూ వర్జ్యాలూ చెప్పేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదల్లా పంచాంగంలో ఏ పేజీలో ఏముంటుందో వెతుక్కోవడం. మద్రాసులోని సినిమా కంపెనీలు ఒక్కొక్కటిగా హైదరాబాదుకు మకాం మారుస్తున్న రోజుల్లో నేనూ ఒక కంపెనీలో గుమాస్తాగా చేరాను. ఏ కారు ఎటు వెళ్ళాలి, ఎన్ని భోజనాలు ఎక్కడికి పోవాలి అన్నది చూడటం నా పని. చేరిన మూడో నెలలో మా నిర్మాత గారు మా నాన్న వృత్తి ఏమిటని అడిగారు. చెప్పాను. ఆ రోజు నుంచి నా పేరు పోయి "పంతులూ" మిగిలింది.

నిర్మాత గారిదీ మా జిల్లానే. ముహూర్తం చూడకుండా ఆయన కొత్త చెప్పులు కూడా వేసుకునేవారు కాదు. కొత్త జత పెట్టెలో నాలుగు రోజులు ఎదురుచూసిన సందర్భం నాకు తెలుసు, ఆ నాలుగు రోజులూ ఆగమన్నది నేనే గనక. ఆయన అడిగేవారు, నేను పుస్తకం తెరిచేవాణ్ణి. నాకు ఒకటే పట్టుదల ఉండేది. పుస్తకంలో ఉన్నది చెప్పాలి, లేనిది చెప్పకూడదు. పక్క కంపెనీల్లో ముహూర్తాలు చెప్పేవాళ్ళు హీరోగారి డేట్లు చూసుకుని గ్రహాలను అటూ ఇటూ జరుపుతారని వినేవాణ్ణి. వాళ్ళంటే నాకు చిన్నచూపు. నేను వేళ్ళతో పేజీ తిప్పడమే తప్ప గ్రహాన్ని తిప్పింది లేదు. ఈ మాట మా ఆవిడతో వారానికోసారైనా అనేవాణ్ణి. ఆవిడ కూర తరుగుతూ వినేది.

కార్తె అంటే ఏమిటో కొత్తవాళ్ళకోసం చెబుతాను. ఇరవై ఏడు నక్షత్రాల దారిలో సూర్యుడు ఏడాదంతా నడుస్తాడు. ఒక్కొక్క నక్షత్రం దగ్గర పదమూడో పద్నాలుగో రోజులు మకాం వేస్తాడు. ఆ మకామే కార్తె. మే నెల నడుమకు కృత్తిక దగ్గరికి చేరతాడు. మా ఊళ్ళో పిల్లలకోడి అంటారే, ఆ చిన్న చుక్కల గుంపే కృత్తిక. దానికి అధిపతి అగ్ని. అక్కణ్ణుంచి రోహిణికి వెళతాడు. అప్పటికి ఎండ గురించి మాట్లాడుకోవడం కూడా మానేస్తాం. రోహిణి తరవాత మృగశిర, దాంతో వాన. చిన్నప్పుడు మా నాన్న చెప్పిన ఒక విషయం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. సూర్యుడు దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ నక్షత్రం మనకు కనపడదు. ఆయనతోపాటే లేచి ఆయనతోపాటే దిగిపోతుంది. ఎండ మొత్తం రోహిణి మీదకి తోసేస్తాం, ఆ ఎండల్లో రోహిణిని చూసినవాడు మాత్రం ఒక్కడూ ఉండడు.

ఈ మకాముల మీదుగానే కర్తరి అని ఒకటి పడుతుంది. భరణి సగంలో మొదలై, కృత్తిక అంతా ఉండి, రోహిణి మొదటి పాదం దాకా. కర్తరిలో మట్టి తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు, రాయి కదపకూడదు, గోడ లేపకూడదు, ఇంటికి కప్పు వేయకూడదు. ఒకసారి కర్తరిలో మా తులసికోట పగిలితే మా నాన్న మూడు వారాలపాటు దాన్ని అలాగే వదిలేసి, రోజూ దాని చుట్టూ జాగ్రత్తగా తిరిగి నీళ్ళు పోశాడు. ఎందుకు కూడదో పుస్తకంలో రాసి ఉండదు. నేనూ అడగలేదు.

ఆ రోజుల్లో జూబ్లీ హిల్స్‌లో ఎటు చూసినా బండలు పేల్చడమే, ఇళ్ళు లేపడమే. ట్యాంకరు నీళ్ళు మనుషులకన్నా సిమెంటే ఎక్కువ తాగేది. కర్తరి వచ్చిందంటే సగం కొండ నిశ్శబ్దమయ్యేది, కట్టించేవాళ్ళలో సగం మంది మా జిల్లాల వాళ్ళు కాబట్టి. ఆ మూడు వారాలూ బండలు కొట్టేవాళ్ళు చెట్ల కింద పడుకుని ఉండేవారు. వాళ్ళను చూసి బద్ధకస్తులనుకున్నాను. నేను కారులో వెళుతూ అనుకున్నాను.

ఆ ఏడు మా నిర్మాత గారు తీస్తున్న సినిమాలో చివర ఒక ఇల్లు తగలబడాలి. అది ఆయన చిన్నప్పటి ఇల్లు. అంటే అలాంటి ఇల్లు కావాలన్నారు. ఫిల్మ్ నగర్ వెనక ఒక బండరాళ్ళ ఖాళీ జాగాలో సెట్టు వేయాలి. కప్పుకు తాటాకు కావాలని మా జిల్లా నుంచి లారీలో తెప్పించారు. ఆర్ట్ డైరెక్టరు గారు గోడలకు నిజం మట్టే కావాలన్నారు. మంట తగిలినప్పుడు మట్టిగోడ పగిలే తీరు ప్లైవుడ్డుకు రాదట. అంతా బాగానే ఉంది. హీరోగారి డేట్లు మాత్రం రోహిణి కార్తెలో ఉన్నాయి. అంటే సెట్టు కట్టాల్సింది సరిగ్గా కర్తరిలో.

నిర్మాత గారు నన్ను పిలిచారు.

"ఏం పంతులూ, కర్తరిలో గోడ లేపొచ్చా?"

"కూడదండీ."

"మరి సెట్టో?"

ఆయన ముఖం చూశాను. పక్కనే ఆర్ట్ డైరెక్టరు గారి ముఖం కూడా చూశాను. ఒక్కరోజు టైమడిగాను. మర్నాడు కంపెనీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆ కాగితంలో ఉన్నది ఇది: సెట్టులో ఎవరూ నిద్రచేయరు. సెట్టులో పొయ్యి వెలిగించరు, పాలు పొంగించరు. సెట్టుకు గోడలు మూడే, నాలుగో వైపు కెమెరా ఉంటుంది. కనుక అది గృహం కాదు. గృహం కానిదానికి కర్తరి దోషం లేదు.

నిర్మాత గారు రెండుసార్లు చదివి, "నీకు లా చదివిస్తే బాగుండేదయ్యా" అన్నారు. నేను సిగ్గుపడ్డాను. పుస్తకంలో ఉన్నదే రాశావా అంటే, పుస్తకం కాదన్నది మాత్రం రాయలేదు. గృహం సంగతి తేల్చాను. మట్టి తవ్వకూడదన్న ముక్క విడిగా ఉంది, దాన్ని కదపలేదు. మర్చిపోయి కాదు.

సెట్టు పని మొదలైంది. ఆ జాగాకు ఒక వాచ్‌మన్ ఉండేవాడు. పాలమూరు వైపు మనిషి. సెట్టుకు ఇరవై అడుగుల దూరంలో రేకుల షెడ్డులో భార్యతో కాపురం. ఆమెకు ఎనిమిదో నెల. మట్టి పనికి కూలీలు చాలక ఆమెనూ పెట్టుకున్నారు. ఒక రోజు మిట్టమధ్యాహ్నం నేను భోజనాల వ్యాను వెంట వెళ్ళినప్పుడు చూశాను. తల మీద మట్టి తట్ట, ఒక చేయి తట్టకు, ఇంకో చేయి నడుముకు. ఎండ చాలా ఎక్కువగా ఉందనిపించి కారులో కూర్చున్నాను.

కృత్తిక ముగిసేలోపు ఇల్లు లేచింది. తాటాకు కప్పు, మట్టి గోడలు, లోపల మట్టి అరుగు. నిర్మాత గారు వచ్చి గోడను చేత్తో తడిమి, కళ్ళు తుడుచుకుని వెళ్ళారు. రోహిణి ఎనిమిదో రోజున నిప్పు పెట్టడానికి ఏర్పాట్లు మొదలయ్యాయి.

రోహిణి రెండో రోజు సాయంత్రం వాచ్‌మన్ సైకిలు తొక్కుకుంటూ ఆఫీసుకు వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"సార్, ఇంట్ల కాన్పయింది."

"ఏ ఇంట్లో?"

"సెట్టింట్ల సార్. రేకుల కింద పండలేక దినాం మాపటిదాంక గాడనే పంటుండె. సల్లగుంటది గద. నొప్పులు గాడనే వచ్చినయ్. ఆటో దొర్కెలోపట అయిపాయె. ఆడపిల్ల."

బాలింతరాలి దగ్గరికి ఒక్కణ్ణీ వెళ్ళి ఏం చేయాలో తెలియక, దారిలో యూసుఫ్‌గూడలో మా గదికి వెళ్ళి మా ఆవిణ్ణి ఎక్కించుకున్నాను. కారు దిగేసరికి సెట్టు నాలుగో వైపు కనపడలేదు. షూటింగులో ఎండకు అడ్డం పెట్టే నల్లగుడ్డను ఎవరో పైనుంచి కిందిదాకా కట్టేశారు. గుడ్డ తొలగించుకుని లోపలికి వెళ్ళాం. మూలన మూడు ఇటుకల పొయ్యి. అంతకుముందే పాలు పొంగి బూడిదలోకి కారాయి. కూలీ పనికి వచ్చే ఒక పెద్దామె నీళ్ళు కాస్తోంది, పురుడు పోసింది ఆమేనట. అరుగు మీద చాప, చాప మీద తల్లీ బిడ్డా నిద్రపోతున్నారు.

నా కాగితాన్ని మనసులో ఒకసారి చదువుకున్నాను. నిద్ర ఉంది. పొయ్యి ఉంది. పాలు పొంగాయి. నాలుగో గోడ కూడా వచ్చేసింది. అందులో మిగిలింది నా సంతకం ఒక్కటే.

మా ఆవిడ బిడ్డను చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నెల తక్కువ బిడ్డ. రెండు అరచేతుల్లో సరిపోయింది. ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు. అప్పటికే యూసుఫ్‌గూడ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్ళిందట. పాలు తాగుతోంది కాబట్టి బతుకుతుంది, చల్లగా ఉంచాలి, రెండు వారాలు ఎండలో ఎక్కడికీ కదపొద్దు, ఆ రేకుల కింద పెడితే మాత్రం నాకు చెప్పకండి అందట. మా ఆవిడ బయటికి వెళ్ళి షెడ్డు రేకును ముట్టుకుని, వెంటనే చేయి తీసేసింది.

"నెల ముందుగనే అయింది సార్," అన్నాడు వాచ్‌మన్ గుమ్మం దగ్గర నిలబడి. "మట్టి మోసింది గద. పని దొర్కిందని నేనే పొమ్మన్న. తప్పు నాదే."

అతను నా వంక చూడలేదు. అతనికి నా కాగితం సంగతి తెలియదు. మా ఆవిడకు తెలుసు. ఆ కాగితం రాసిన రోజు ఇంటికి వెళ్ళి వివరంగా చెప్పుకున్నాను కదా. నేను జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు. కర్తరి ఎందుకో పుస్తకంలో రాసి ఉండదని అన్నానే, అది అక్కడ ఆ అరుగు దగ్గర అర్థమైంది. ఎప్పుడో ఎవరో ఈ ఎండలో తట్ట మోసేవాళ్ళను చూసి ఉంటారు. వాళ్ళ మీద జాలి పడండి అంటే యజమానులు వినరని తెలిసి, నక్షత్రాల పేరు చెప్పి ఉంటారు. అంత కష్టపడి వాళ్ళు పెట్టిన నియమంలోంచి నేను ఒక కాగితంతో దారి తీశాను.

తల్లీబిడ్డల్ని మా గదికి తీసుకెళదామంది మా ఆవిడ. మాది డాబా మీద గది, మధ్యాహ్నం మేమే మెట్ల మీద కూర్చునేవాళ్ళం. అయినా ఇంటివాళ్ళను అడిగాను. పురుటి మనిషిని తేవడానికి వీల్లేదన్నారు. ఆ ఎండలో పాలమూరు బస్సు ఎక్కించే సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇక ఆ కొండ మీద బిడ్డకు చల్లగా ఉండే చోటు ఒక్కటే ఉంది, దాన్ని ఆరు రోజుల్లో తగలబెట్టాలి.

నిర్మాత గారికి నిజం చెప్పేయొచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆయన మంచివారే. చెబితే వెంటనే కారు పంపి, కృష్ణానగర్‌లో లాడ్జి గది తీసుకోమనేవారు. ఆ లాడ్జి నాకు తెలుసు, అందులో పైగది గోడ మీద చేయి ఆనించలేం. ఆ ఎండలో అక్కడిదాకా తీసుకెళ్ళడం కూడా డాక్టరమ్మ వద్దన్న పనే. అది ఒక కారణం. సెట్టులో పొయ్యి వెలిగిందని తెలిస్తే నా కాగితం బయటికి తీస్తారు, ఉద్యోగం పోతుంది. అది రెండో కారణం. దయ ఎంతో భయం ఎంతో, ఇన్నేళ్ళయినా పాళ్ళు తేల్చుకోలేకపోయాను.

మర్నాడు భోజనాలయ్యాక ఆయన గదికి వెళ్ళాను. కరెంటు లేదు. ఆయన పంచాంగంతోనే విసురుకుంటున్నారు, నాదే.

"ఆ రోజున నిప్పు పెట్టడానికి లేదండీ," అన్నాను.

"ఏం, నువ్వే కదా బాగుందన్నావు?"

"రోజు బాగానే ఉందండీ. కార్తె బాగాలేదు."

నోరు తెరిచాను, ఇక అది ఆగలేదు. ఇరవై ఏడుగురు భార్యల్లో చంద్రుడికి రోహిణి అంటే ప్రాణం అన్నాను. అది నిజమే, కథల్లో ఉంది. రోహిణి చుక్కలు బండి ఆకారంలో ఉంటాయి, దాన్ని రోహిణీ శకటం అంటారన్నాను. అదీ ఉంది. ఇప్పుడు సూర్యుడు ఆ బండి ఎక్కి కూర్చుని ఉన్నాడు, ఆవిడ ఎండకు మాడిపోతోంది, ఈ సమయంలో మనం కింద నుంచి ఇంకో ఇల్లు అంటిస్తే చంద్రుడు ఊరుకోడు, నీటికి ఆయనే అధిపతి, వాన ఆపేస్తాడు అన్నాను. ఇది ఎక్కడా లేదు. చెబుతుంటే నాకే భయమేసింది, అంత బాగా కుదిరింది.

నిర్మాత గారు విసురుకోవడం ఆపారు. "ఏ గ్రంథంలో ఉందయ్యా ఇది?"

"గ్రంథంలో లేదండీ. ఆచారంలో ఉంది."

గ్రంథం అంటే తెప్పించి చూస్తారు. ఆచారాన్ని తెప్పించలేరు. ఆయన ఫ్యాను వంక చూశారు, అది తిరగడం లేదు. చివరికి హీరోగారికి తనే ఫోను చేసి బతిమాలుకున్నారు. అగ్గి సీను మృగశిర మొదటి రోజు పొద్దునకు మారింది. అప్పటిదాకా సెట్టు దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదని, వెళితే రోహిణికి కోపం వస్తుందని కూడా అన్నాను. ఒక అబద్ధం ఆడిన నోటికి రెండోది బరువేమీ కాలేదు.

ఆర్ట్ డైరెక్టరు గారు నాతో మాట్లాడటం మానేశారు. యూనిట్ అంతా నా వెనక ఏమనుకున్నారో నాకు తెలుసు, ఎందుకంటే పక్క కంపెనీల పంతుళ్ళ గురించి నేను అనుకునేది అదే. రోజూ వ్యానులో మిగిలిన మజ్జిగ, అన్నం సెట్టుకు పంపేవాణ్ణి. మా ఆవిడ పొద్దున్నే బస్సులో వెళ్ళి, తడిపిన గోనెపట్టాలు గుమ్మానికి కట్టి, మధ్యాహ్నమంతా అక్కడే ఉండి బిడ్డ రంగు చూస్తూ కూర్చునేది. సాయంత్రం వచ్చి ఒకటే మాట చెప్పేది: ఇవాళ తాగింది. లేకపోతే: ఇవాళ సరిగ్గా తాగలేదు. నేను రోహిణిలో ఇంకా ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టేవాణ్ణి. అప్పటిదాకా ఏ కార్తె గురించీ నేను అంతగా పట్టించుకోలేదు. బిడ్డ పోతే ఏం చేయాలన్నది ఆలోచించడానికి ధైర్యం చాలేది కాదు.

ఐదో రోజునో ఆరో రోజునో బిడ్డ గట్టిగా ఏడ్చిందని మా ఆవిడ పరుగున వచ్చి చెప్పింది. అంత సంతోషంగా ఏడుపు గురించి చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

రోహిణి చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలకు మోతీనగర్ వైపు ఆకాశం నల్లబడింది. తెల్లారితే అగ్గి సీను. సామాన్లు పంపే పనిలో నేను సెట్టు దగ్గరే ఉన్నాను. గాలి లేచింది. తాటాకులు ఎగిరాయి. మా ఆవిడ బిడ్డను చెంగులో చుట్టుకుని, వాచ్‌మన్ భార్యను పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తింది. అంతలోనే వాన దిగింది. రేకుల మీద ఆ చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినపడలేదు. అరగంటలో రేకులు చల్లబడ్డాయి. షెడ్డులో చేయి పెట్టి చూశాను, సుఖంగా ఉంది. బిడ్డ ఆ చప్పుడులో నిద్రపోతూనే ఉంది.

బయట సెట్టు కరిగిపోతోంది. మొదట వెనక గోడ కుంగింది, తరవాత కప్పు ఒక పక్కకు వాలింది. నిర్మాత గారు గొడుగు వేసుకుని వచ్చి కారు దిగారు. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, పెద్ద బాధ కూడా అనిపించలేదు.

ఆయన కరుగుతున్న గోడ వంక చూశారు. "మా ఇల్లు కూడా ఇట్లాగే పోయిందయ్యా," అన్నారు. "కాలిపోలేదు. వానకే. అమ్మ గిన్నెలు బయటికి మోస్తూ ఉంటే నేను చూస్తూ నిలబడ్డాను." తరవాత కెమెరా తెప్పించమన్నారు.

మిగిలిన రెండు గోడల మీద, వానలో సీను తీశారు. కథలో నిప్పు పోయి నీళ్ళు వచ్చాయి. సినిమా బాగానే ఆడింది, ఆ చివరి సీను చూసి ఆడవాళ్ళు ఏడ్చారట. నిర్మాత గారు కనిపించిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పారు: రోహిణిలో నిప్పు ముట్టుకోలేదు కాబట్టే చంద్రుడు వేళకు వాన పంపాడు, మా పంతులు ముందే చెప్పాడు. రెండేళ్ళలో ఆ మాటను ఎవరెవరో నాకే తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. ఒకసారి నాతోపాటు కాఫీ తాగుతున్నాయన ఇది వేదకాలం నాటిదన్నాడు. నేను ఇంకో కాఫీ చెప్పాను.

ఆ వాన పడ్డ మర్నాడు, మృగశిర మొదటి రోజున మా ఆవిడ ఇంగువా బెల్లం కలిపి నూరి ఉండచేసి పెట్టింది. ఎండాకాలం ఒంట్లోంచి పోవడానికి మా ఇళ్ళలో తింటాం. అదే రోజు వాచ్‌మన్ చేపల సంచితో వచ్చాడు. "మిరుగం నాడు చాపలు తినాలె సార్, లేకుంటే బీమార్ పడుతరు," అన్నాడు. మేము చేపలు ముట్టం అని చెబితే నొచ్చుకున్నాడు. ఇంగువ ఉండ ఒకటి ఇచ్చాను. నోట్లో వేసుకుని, ముఖం అదోలా పెట్టి, మింగాడు. బిడ్డకు ఒక పేరు చెప్పమన్నాడు. పేరు పెట్టేంత అర్హత నాకు లేదని చెప్పలేక మా ఆవిణ్ణి అడగమన్నాను. ఆవిడ చెప్పింది.

ఆ తరవాత నేను ముహూర్తాలు చెప్పడం మానేశాను. చూపు తగ్గిందని నిర్మాత గారితో చెప్పి, మోతీనగర్‌లో ఉన్న అసలు పంతులు గారిని ఆయనకు అప్పజెప్పాను. నా చూపు అప్పటికీ ఇప్పటికీ బాగానే ఉంది.

తొంభైల చివర్లో, అంటే సుమారు పదేళ్ళకు, నేను వేరే కంపెనీలో ఉన్నాను. మాకు అక్కరలేని రెండు వ్యానులు అప్పుగా ఇవ్వమని ఇంకో యూనిట్ వాళ్ళు అడిగితే, చూసి వద్దామని వాళ్ళ సెట్టుకు వెళ్ళాను. ఫిల్మ్ నగర్ కొండ కిందే. వాళ్ళకూ ఇల్లు తగలబడే సీను ఉంది. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, పని మాత్రం ఆగి ఉంది. మేనేజరు కొత్తవాడు, చురుకైనవాడు, నుదుటిన పెద్ద బొట్టు.

"రోహిణి వెళ్ళేదాకా ఆపామండీ," అన్నాడు. "సెట్టు కాల్చకూడదు కదా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటండీ, పూర్వం నుంచీ ఉంది."

పదేళ్ళుగా ఈ అబద్ధం నా వెంట తిరుగుతోంది. ఆ పూట ఎందుకో దాన్ని దించుకోవాలనిపించింది. ఆ నియమం పెట్టింది నేనేనని చెప్పాను. అతను మర్యాదగా నవ్వాడు. పెద్దవాళ్ళు అలాంటి పరాచికాలు ఆడతారని సరిపెట్టుకున్నట్టున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా అబద్ధాన్ని నేనే కాదంటుంటే వినడేమిటి?

"లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను.

"ఎవరుంటారండీ? సెట్టు కదా."

"చూశారా?"

అతను చూడలేదు. నేనే వెళ్ళాను. ఈసారి ప్లైవుడ్డు గోడలు, పైన గడ్డి కప్పు. లోపల నీడగా ఉంది. వెనక మూలన ఒక నీళ్ళ కుండ, దాని మీద బోర్లించిన గ్లాసు. మడిచిపెట్టిన ఒక చాప. గోడకు మేకు కొట్టి, దానికి ఒక చీర ఆరవేసి ఉంది. ముట్టుకున్నాను. తడిగానే ఉంది. రోహిణి ఎండల్లో చీర ఆరడానికి ఎంతోసేపు పట్టదు. ఎవరిదో నేను అడగలేదు, ఎవరినీ పిలవలేదు. గ్లాసు జరిగితే సరిచేసి పెట్టి బయటికి వచ్చాను.

"మీరన్నదే నిజం," అన్నాను మేనేజరుతో. "మృగశిర దాకా ఆగండి."

"చెప్పాను కదండీ," అన్నాడు అతను.

కారు తలుపు తీసి, మళ్ళీ వెనక్కి వచ్చాను.

"ఇంకోటి. కర్తరిలో మట్టి కూడా తవ్వకూడదు."

అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. "సెట్టుకైనానాండీ?"

"సెట్టుకైనా," అన్నాను.